పడవ ముక్కు మీది నంబరు

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే, రోడ్డు అయిపోయే చోట ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో ప్రతి పడవకూ ముక్కు మీద రెండు రాసి ఉండేవి. పైన గంగమ్మ పేరు, కింద వీరమ్మ ఫోన్ నంబరు. గంగమ్మ పేరు పడవకొక రకంగా రాసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. నంబరులో ఒక్క అంకె వంకర పోయిందంటే మాత్రం వీరమ్మ ఊరుకునేది కాదు, పెయింటరును నిలబెట్టి మళ్ళీ రాయించేది.

వీరమ్మ అంటే ఏ పడవల ఆసామో, ఊరి ప్రెసిడెంటో అనుకునేరు. అవేవీ కాదు. రేవులో చేపలు వేలం పాడుకుని, ఐసులో పెట్టి, అవనిగడ్డకూ చల్లపల్లికీ ఆటోల్లో తోలే మనిషి. యాభై దాటినా నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు. ఆ గొంతే అసలు సంగతి. సముద్రం మీద నుంచి వచ్చిన కబురు వీరమ్మ నోట్లోంచి వస్తేనే ఆ పల్లెలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు.

ఆ ఫోను మొదట కొన్నది ఆమె మొగుడు వెంకటపతి. కోడూరులో టవరు నిలబెట్టిన కొత్తలో, రెండువేల మూడులో, అవనిగడ్డ వెళ్ళి ఇటుకంత ఫోను కొనుక్కొచ్చాడు. ‘ఎవరికి చేస్తావయ్యా, చేపలకా?’ అని వీరమ్మ వెక్కిరించింది. వారం తిరక్కుండానే అది ఆమె బొడ్లోకి చేరింది. మళ్ళీ ఆయన చేతికి రాలేదు.

అక్కడి వాళ్ళకొక కట్టుబాటు ఉంది. వేటకు వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఎప్పుడొస్తావని అడగకూడదు. పడవ నీళ్ళలోకి దిగే వేళ ఆగడం, ఆరడం, పోవడం లాంటి మాటలు నోటి వెంట రాకూడదు. ఫోన్లొచ్చాక ఆ కట్టుబాటు ఫోన్లకూ వచ్చింది. ఒడ్డు మీద నుంచి పడవకు ఎవరూ ఫోన్ చేయరు. చేస్తే పడవే ఒడ్డుకు చేయాలి. అదీ ఇల్లిల్లుకూ కాదు, ఒక్క వీరమ్మకు.

దానికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకసారి మోగించి కట్ చేస్తే, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఏట్లోకి వచ్చేశామని. రెండుసార్లు మోగించి కట్ చేస్తే, చేప బాగా పడింది, ఐసు తెప్పించమని. కట్ చేయకుండా మోగుతూనే ఉంటే, ఎత్తు, ఆపద అని. ఒంటి మీద చొక్కా తడిసి, చేతులు వణుకుతూ ఉన్న మనిషికి అంతకన్నా మాటలు ఎందుకు? అవతల రింగు వినపడితే చాలు, ఒడ్డు ఉన్నట్టే. అక్షరం రాని వాళ్ళు కూడా ఆ నంబరు పది అంకెలూ ఊపిరి తీసుకోకుండా చెప్పేవారు. తమ పడవల్లో సిమ్ములు మూణ్ణెల్లకొకటి మార్చేవారు, ఎక్కడ ఆఫరుంటే అక్కడికి పోయేవారు. వీరమ్మ నంబరు మాత్రం మారలేదు. ఇన్నేళ్ళలో ఒక్క పూట స్విచ్ఛాఫ్ కాలేదు. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఆ ఫోను ఆమె బొడ్లోనే ఉండేది. గర్వం కాదా అంటే గర్వమే. ఉప్పెన ఏడాది, డెబ్బై ఏడులో, ఆమె పెళ్ళి కాని పిల్ల. కబురు లేకపోవడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. కబురు తన చేతిలోకి వచ్చిన రోజున తల కాస్త ఎత్తి నడిచిందంటే తప్పేముంది?

ఇంతలో ఆ కంపెనీ టవరుకు ఏం రోగం వచ్చిందో గాని, సిగ్నల్ చచ్చింది. కరెంటు పోతే టవరూ పోయేది. వీరమ్మ ఫోను చెయ్యెత్తి పట్టుకుని కరకట్ట మీద అటూ ఇటూ తిరిగేది. సంక్రాంతి ముందు ఒకరోజు అల్లుడు దుర్గాశ్రీనివాస్ పడవ ఒడ్డుకు తగిలి, చేపలు ఇసకలో పోసిన తర్వాత, అతను దారిలో కొట్టిన మిస్డ్ కాల్స్ మెసేజీలుగా వచ్చి ఫోను రెండుసార్లు మోగింది. అల్లుడంటే పరాయివాడు కాదు, సొంత అన్న కొడుకే ఆమె కూతుర్ని చేసుకున్నాడు. ఆ రోజు ఐసు లేక చందువా చేపంతా మెత్తబడిపోయింది. మరో వారానికి ఇంకో పడవకూ అంతే జరిగింది.

బందరు నుంచి వచ్చే కమిషన్ ఏజెంటు శోభనాద్రికి ఆ కబురు అందింది. ఆయన చెడ్డవాడేం కాదు, మంచి బేరగాడు. తెల్ల వ్యాను, వ్యాను నిండా ఐసు, జేబు నిండా కొత్త కంపెనీ సిమ్ములు. ఆ కంపెనీ వాళ్ళు తీరం వెంబడి కొత్తగా టవర్లేశారు, సముద్రంలో చాలా దూరం పలుకుతాయి. సిమ్ములన్నీ పడవల వాళ్ళకు ఊరికే పంచాడు. తర్వాత రేవులో నిలబడి, చాలా మర్యాదగా అన్నాడు.

“వీరమ్మగారూ, ఏమీ అనుకోవద్దండి. మీ నంబరు ఇంక లాభం లేదండి. వేట నిషేధంలో ఎలాగూ పడవలకి రంగులేస్తారు. అప్పుడు నా నంబరు రాసుకుంటే సరిపోద్ది. రింగు కొడితే దిగువ రేవులో నా వ్యాను రెడీగా ఉంటది.”

వీరమ్మ ఆయన వైపు చూడలేదు. అల్లుడి వైపు చూసింది.

దుర్గాశ్రీనివాస్ తల గోక్కున్నాడు. “నీ మీద గౌరవం లేక కాదత్తా. ఇంజను ఆయిలు పోసుకుని, రాత్రంతా తడిసి తెచ్చిన చేప కుళ్ళిపోతే కడుపు మండదా చెప్పు. నువ్వే కొత్త కంపెనీ నంబరు ఒకటి తీసుకోరాదూ?”

“కొత్త నంబరు తీసుకుని ఎవరికి చెప్పనురా? నడి సముద్రంలో ఉన్నోడికి ఫోన్ చేసి చెప్పనా, వెనక నుంచి పిలిచి? ఎప్పుడో ఆపదలో ఉన్నోడు చీకట్లో తడుముకుంటూ పాత నంబరే నొక్కుతాడు. అప్పుడు ఎవరు పలకాలి?”

కుర్రాళ్ళు చేతుల్లోని కొత్త సిమ్ముల వైపు చూసుకున్నారు. అది ఆమెకు నచ్చలేదు. ఆమె గొంతు పెంచింది.

“సరే వినండి. ఇంకొక్కసారి పడవ ఒడ్డుకి తగిలాక నా ఫోను మోగిందంటే, ఆ నంబరు నా చేత్తో నేనే చెరిపేస్తా. పెయింటరు దాకా ఎందుకు?”

మాట జారింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక గాని దాని బరువు తెలిసి రాలేదు. అల్లుడు కూడా అటే మొగ్గాడని ఆమెకు దుఃఖం వచ్చింది. ఆ రోజు అన్నం సగమే తిన్నది.

దారి చూపించింది కూతురు సునీత, దుర్గాశ్రీనివాస్ పెళ్ళాం. అవనిగడ్డలో ఇంటరు చదివిన పిల్ల. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకోవచ్చని టీవీలో చెప్తున్నారని పరుగెత్తుకొచ్చింది. వీరమ్మ నమ్మలేదు. ఇల్లు మారి, వీధి మారి, డోర్ నంబరు మాత్రం మోసుకుపోతామంటే ఎవరు నమ్ముతారు? అయినా మర్నాడే చల్లపల్లి బస్సెక్కింది. వెంకటపతిని కూడా ఎక్కించుకుంది, ఎందుకంటే సిమ్ము ఆయన పేరు మీద ఉంది. ఇన్నాళ్ళకు తన అవసరం వచ్చింది కదా, ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

“అవనిగడ్డలో దిగి కాఫీ తాగుదాం,” అన్నాడు.

“నువ్వు సంతకం పెట్టాక తాగుదాం.”

“సంతకం నాది. కాఫీ ఎప్పుడు తాగాలో నా ఇష్టం.”

“ఆ మోకాలు పట్టుకుని దిగి మళ్ళీ ఎక్కలేవు గానీ, కూచో.”

చల్లపల్లి సెంటర్లో పిచ్చేశ్వరరావు ఫోన్ల షాపు. ఆయన ఓపికమంతుడు. వీరమ్మ ఒకే ప్రశ్న మార్చి మార్చి అడిగింది. ఒక్క అంకె కూడా మారదా? చివరిదైనా? ముందుదైనా? ఆయన ప్రతిసారీ మారదండీ అన్నాడు.

“పాత కంపెనీ వాళ్ళు ఇవ్వమంటే?”

“ఆళ్ళ ఇష్టం కాదండి ఇప్పుడు. నంబరు మీది. ఇదుగో మెసేజీ పంపితే కోడు వచ్చింది చూశారా. ఫోటో, రేషన్ కార్డు జిరాక్సు ఇవ్వండి. కొత్త సిమ్ము ఇప్పుడే ఇచ్చేస్తాను, దాచుకోండి. వారం లోపల పాతది ఆగిపోద్ది. ఆగిందనగానే ఇది వేసుకోండి, అంతే.”

‘నంబరు మీది’ అన్న మాట వీరమ్మకు తేనె పూసినట్టుంది. కాని ఆ వెనక మాట దగ్గర ఆమె చెవి నిక్కింది.

“ఆగిపోద్దా? ఎంతసేపు?”

“రెండు గంటలండి. అదీ రాత్రి పూట. మీకు తెలియను కూడా తెలీదు.”

వీరమ్మ లెక్క వేసుకుంది. ఆ వేళప్పుడు పడవలు టవరుకు అందని దూరంలో ఉంటాయి. ఎవరూ ఫోన్ చేసే పనే లేదు. తిరిగొచ్చేసరికి నంబరు మళ్ళీ తన చోట తానుంటుంది. వెంకటపతి తన పేరు పొడుగ్గా రాశాడు, ఇంటి పేరుతో సహా. అవనిగడ్డలో దిగి కాఫీ తాగారు, డబ్బులు వీరమ్మే ఇచ్చింది.

నాలుగైదు రోజులకు మెసేజీ వచ్చింది. ఈ రాత్రికే మారుతుందని సునీత చదివి చెప్పింది. మధ్యాహ్నం పడవలు బయలుదేరుతున్నాయి. వీరమ్మ రేవులో నిలబడి ఉంది. చెప్పాలంటే అదే అదను. రాత్రి నా ఫోను కాసేపు ఆగిపోతుందిరా, కంగారు పడకండి అంటే సరిపోయేది. కాని ఎలా అంటుంది? పడవ నీళ్ళలోకి దిగుతుంటే ఆగిపోతుందన్న మాట ఆ పల్లెలో పుట్టిన నాలుక మీదికి రాదు. సునీత నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు గంటల భాగ్యానికి అపశకునం ఎందుకు అనుకుంది. దుర్గాశ్రీనివాస్ ఇంజను తాడు లాగాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పడవలు మొగ వైపు వెళ్ళిపోయాయి.

తెల్లవారేసరికి పాత సిమ్ము ఆగిపోయి ఉంది. సునీత కొత్తది వేసింది. ఫోను వెలిగింది గాని సిగ్నల్ గీతలు రాలేదు. తీసి, పైటతో తుడిచి మళ్ళీ వేసింది. రాలేదు. పొద్దెక్కింది. సునీత తన ఫోన్లోంచి పిచ్చేశ్వరరావుకు చేస్తే, కొత్త పని కదండీ, రాష్ట్రమంతా ఒకేసారి మారుతున్నారు, కాస్త ఆలస్యమవుద్ది అన్నాడు. మధ్యాహ్నానికైనా రావచ్చు, సాయంత్రానికైనా రావచ్చు.

“నా నంబరుకి కొట్టి చూడు,” అంది వీరమ్మ.

సునీత కొట్టి, ఫోను తల్లి చెవి దగ్గర పెట్టింది. తీయని గొంతుతో ఎవత్తో చెప్తోంది, మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు అని. వీరమ్మ రెండోసారి కూడా విన్నది. ఎండకూ వానకూ ఆగని నంబరు, పడవలన్నీ నుదుట రాసుకున్న నంబరు, లేదట. ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత భయం వేసింది. ఇప్పుడు పడవలు టవరు అందుకునే వేళ. కుర్రాళ్ళ చెవుల్లో ఈ మాటే పడుతుంది.

దిగువ రేవులో శోభనాద్రి వ్యాను వచ్చి నిలబడిందని కూడా తెలిసింది. ఆయన నంబరు అందరి ఫోన్లలోనూ ఉంది.

“అమ్మా, నా ఫోన్లోంచి మా ఆయనకి చేస్తాను,” అంది సునీత. “ఒక్క మాట. అమ్మ నంబరు మారతా ఉంది, ఇటే రండి అని. ఆయన మిగతా పడవలకి చెప్తాడు.”

వెంకటపతి కూడా మెత్తబడ్డాడు. “చెయ్యనీవే. కాలం మారింది. ఫోన్ చేస్తే వెనక నుంచి పిలిచినట్టు ఎట్టా అవుద్ది? ఇప్పుడు గాని చెయ్యకపోతే పడవలన్నీ దిగువ రేవుకి పోతాయి. ఇంక ఆ నంబరు నీకు మిగలదు.”

అది నిజమే. వీరమ్మకు తెలుసు. కూతురి చేతిలో ఉన్న ఫోను వైపు చాలాసేపు చూసింది. ఒక్క బటను. ఒక్క బటను నొక్కితే నంబరు నిలబడుతుంది.

“వద్దు,” అంది. “అది శకునం కోసం పెట్టిన మాట అనుకుంటున్నారా? మొగ దగ్గర అల ఎట్టా లేస్తదో నీకు తెలీదా? అక్కడ వాడి చెయ్యి చుక్కాని మీద ఉండాలి. ఇంటి నుంచి ఫోనొస్తే, ఎవరికేమైందోనని చెయ్యి జేబులోకి పోద్ది. మనం పిలవకూడదు. వాళ్ళు పిలిస్తే మనం ఉండాలి. అంతే మన పని.”

“మరి వాళ్ళు పిలిస్తే ఇవాళ మనం లేం గదే,” అన్నాడు వెంకటపతి.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. వీరమ్మ పలకని ఫోను బొడ్లో దోపుకుని, కరకట్ట ఎక్కి, ఏటి ఒడ్డుకు నడిచింది. వెనకాల ఒక్కొక్కరే ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఏం కబురని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఇవాళ్టితో సరి అనుకుంది. చెరపాలంటే చెరుపుతాను, మాటంటే మాటే. కాని పిలవను.

పడవలు ఎప్పుడూ ఒక్కటొక్కటిగా వస్తాయి. వల తీసినవాడు తీసినట్టు బయలుదేరతాడు. ఆ రోజు మొగ దగ్గర ముందు ఒక ముక్కు కనిపించింది. దాని వెనకే ఇంకొకటి. చూస్తుండగానే ఏరంతా నిండిపోయింది. ఊరి పడవలన్నీ ఒక్కసారి, ఇంజన్లు చచ్చేలా తిప్పుకుంటూ వస్తున్నాయి. దిగువ రేవు వైపు ఒక్కటీ తిరగలేదు. ఎవడికో ఏదో అయింది, లేకపోతే ఇలా రారు అనుకుంది వీరమ్మ. సునీత తల్లి భుజం పట్టుకుంది.

మొదటి పడవ ఇసక తగలక ముందే దుర్గాశ్రీనివాస్ నడుం లోతు నీళ్ళలోకి దూకాడు. నీళ్ళు తన్నుకుంటూ వచ్చి వీరమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అత్తా, బాగానే ఉన్నావా? మావయ్యేడీ?”

“ఇదుగో ఇక్కడే ఉన్నాడు. మీకేమైందిరా? ఎవరికేమైంది?”

“మాకేమవుద్ది? నీ నంబరు లేదంది. మొదట నేనే కొట్టాను, రెండు రింగులివ్వాలని. లేదంది. పక్క పడవోడు కొట్టాడు, వాడికీ అదే చెప్పింది. వీరమ్మత్త నంబరు పలకలేదంటే ఊళ్ళో ఏదో ఘోరం అయిపోయిందనుకున్నాం. సగం వల లాగినోళ్ళు లాగినట్టు పడేసి వచ్చేశారు. ఇద్దరైతే వలలు కోసుకుని వచ్చారు.”

వీరమ్మ పడవల్లోకి చూసింది. చిక్కుపడ్డ వలలు, తడి తాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటి సందుల్లో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. పడవకొకరుగా మొహాలన్నీ తన వైపే తిరిగి ఉన్నాయి. గడ్డాలు నెరిసినవాళ్ళు, తను ఎత్తుకుని ఆడించినవాళ్ళు. వాళ్ళ భయం ఇంకా దిగలేదు.

“శోభనాద్రి గారు దిగువ రేవులోనే ఉన్నాడు గదరా,” అంది. “ఆయనకి చేసుకోకపోయారా?”

“ఆయనకి చేప సంగతి చెప్పడానికి చేస్తాం. ఇదేమన్నా చేప సంగతా?”

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. ఆ పల్లెలో వీరమ్మ ఏడవగా చూసినవాళ్ళు తక్కువ. ఏడుస్తూనే తిట్టింది. బంగారం లాంటి వలలు కోసుకొచ్చారా వెధవల్లారా, బుద్ధుందా అంది. కంపెనీ మారుతున్న సంగతి, ముందు చెప్పలేకపోయిన సంగతి, అంతా తిట్ల మధ్యలోనే చెప్పింది. ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. మగవాళ్ళు పడవల అంచుల మీద కూలబడి, నీళ్ళివ్వండే తల్లీ అన్నారు.

వీరమ్మ పైటతో మొహం తుడుచుకుంది. వంగి ఇసకలోంచి ఒక ఆల్చిప్ప తీసింది. అల్లుడి పడవ దగ్గరికి నడిచి, ముక్కు మీది మొదటి అంకె మీద ఆల్చిప్ప అంచు పెట్టింది.

“ఏం చేస్తున్నావత్తా?”

“మాటన్నాను గదా. ఇంకొక్కసారి పడవ ముందొచ్చి ఫోను వెనక పడితే చెరిపేస్తానని. ఇవాళ పడవలన్నీ వచ్చాయి. నా ఫోను ఇంకా మోగనే లేదు. మాట మాటే.”

ఓడిపోతున్నా తల ఎత్తే ఉంది. దుర్గాశ్రీనివాస్ వచ్చి ఆ చేతి మీద తన తడి చెయ్యి వేశాడు.

“శోభనాద్రి గారి నంబరు మోగితేనే పనిచేస్తదత్తా. నీది మోగకపోయినా పనిచేసింది. ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. ఇంక దీన్ని చెరిపే హక్కు నీకు లేదు. నంబరు నీది కావచ్చు, పడవ నాది. ఇంకా పెద్దక్షరాలతో రాయిస్తాను.”

వీరమ్మ ఆల్చిప్ప వదల్లేదు గాని, గీకనూ లేదు. వెంకటపతి గొంతు సవరించుకున్నాడు. “అసలు ఆ నంబరు నా పేరు మీద ఉంది. నన్నెవరూ అడగరేం?” అన్నాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు.

ఆ మాటల సందులోనే బొడ్లో ఫోను గుర్రుమంది. ఏదో మెసేజీ. సునీత లాక్కుని చూసింది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఫోను మొగుడి వైపు తిప్పి చూపించి, తల్లి చేతిలో పెట్టింది. దుర్గాశ్రీనివాస్ పడవలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన తన ఫోను తీశాడు. మూరెడు దూరంలో నిలబడి, వేళ్ళకు అలవాటైన పది అంకెలూ నొక్కాడు.

వీరమ్మ చేతిలో ఫోను ఒకసారి మోగి ఆగింది. మళ్ళీ ఒకసారి మోగి ఆగింది.

అల్లుడు ఎదురుగానే ఉన్నాడు, చేపలు కళ్ళ ముందే ఉన్నాయి, అయినా వీరమ్మ ఎప్పటిలాగే కరకట్ట వైపు తిరిగి, ఊరంతా వినపడేలా కేకేసింది.

“దుర్గాశ్రీనివాసు వచ్చేశాడు. చేప బాగా పడింది.”

తర్వాత ఆల్చిప్పను ఏట్లోకి విసిరేసి, కోడూరు ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ కలిపింది. అవతలివాడు ఎవరండీ అన్నాడు.

“నేనే, వీరమ్మని,” అంది. “నంబరు అదే, చూస్కో.”